షేర్ల లావాదేవీలు వందల్లో ఉన్నా ఇన్‌కంట్యాక్స్ రిటర్న్ మనమే వేసుకోవచ్చు

కావలిలో మా మామయ్య రిటైరయ్యాక షేర్లలో పడ్డాడు. రొయ్యల గుంటలకన్నా ఇదే నయమంట, రాత్రి కరెంటు పోయినా ఏమీ చచ్చిపోవు కదా అంటాడు. 2024-25కి ఆయన బ్రోకర్ పంపిన ట్యాక్స్ స్టేట్‌మెంట్ తెరిస్తే వందల లైన్లు. ఎవరో ఆడిటర్ లైనుకింతని ఫీజు చెప్పాడట. "ఏందబ్బాయ్, ఇవన్నీ ఆ రిటర్న్ ఫారంలో కొట్టాల్నా?" అని ఫోను.

అక్కర్లేదు. ఏడాది లోపు అమ్మిన షేర్లకు ఫారం కంపెనీ పేర్లే అడగదు. మొత్తం అమ్మకం, మొత్తం కొనుగోలు, బ్రోకరేజీ లాంటి ఖర్చులు చాలు (ఎస్‌టీటీని, అంటే షేర్ల లావాదేవీలపై వేసే పన్నును మాత్రం ఖర్చులో కలపకూడదు). ఏడాది దాటినవాటిలో కూడా 2018 జనవరి 31 తర్వాత కొన్నవన్నీ కలిపి ఒకే లైనులో వేసేయొచ్చు. ఆ తేదీలోపు కొన్నవాటికే ఫారంలోని షెడ్యూల్ 112ఏ అనే పట్టికలో కంపెనీవారీగా వివరాలివ్వాలి, అవి కూడా ఎక్కువుంటే సీఎస్‌వీ టెంప్లేట్ (ఎక్సెల్‌లో తెరిచి నింపే ఖాళీ పట్టిక) నింపి అప్‌లోడ్ చేస్తే సరి.

అసలు బుర్రపెట్టాల్సింది ఆ పాత షేర్ల దగ్గరే. 120కి కొన్న షేరు 2018 జనవరి 31న గరిష్ఠంగా 300 పలికింది, ఇప్పుడు 450కి అమ్మారనుకోండి, ఆ రోజు దాకా పెరిగినదానికి పన్ను లేదు కాబట్టి కొన్న ధర 300గానే లెక్క, లాభం 150. అదే 250కి అమ్మితే కొన్న ధర 250 అవుతుంది, లాభం లేదు, నష్టమూ చూపించుకోలేం. మధ్యలో షేరు స్ప్లిట్ అయి (ఒక్కటి చిన్న షేర్లుగా విడిపోయి) ఉంటే ఆ 300ని కూడా అదే లెక్కన తగ్గించాలి, చాలామంది ఇది వదిలేస్తారు.

ఆ ఏడాదికి ఇంకో తలనొప్పి, 2024 జూలై 23న పన్ను రేట్లు మారడం. స్వల్పకాలికం (ఏడాది లోపు అమ్మినవి) 15 నుంచి 20 శాతం, దీర్ఘకాలికం (ఏడాది దాటినవి) 10 నుంచి 12.5. అందుకే ఆ తేదీకి ముందువి, తర్వాతవి వేరువేరుగా తీయాలి. పైగా ఏ లాభం ఏ గడువులో వచ్చిందో (జూన్ 15 దాకా, సెప్టెంబర్ 15 దాకా, ఇలా) చూపే పట్టిక ఒకటుంది, నష్టాలు సర్దుబాటయ్యాక మిగిలిన మొత్తంతో అది కలవకపోతే ఫారం ముందుకు కదలదు. ఎక్సెల్‌లో తేదీల ప్రకారం సార్ట్ చేసి పక్కన పెట్టుకున్నాకే పోర్టల్ తెరవండి, లేకపోతే సెషన్ అయిపోయి మళ్ళీ లాగిన్ అవడమే పని.

ఏఐఎస్ (మన లావాదేవీలపై ఆదాయపు పన్ను శాఖ చూపే వార్షిక సమాచార పట్టిక) చూసి అంకెలు దించేయొద్దు. అందులో అమ్మకం ధర చాలాసార్లు ఆ రోజు ముగింపు ధరే, మనకు పడ్డ ధర కాదు. బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లే లెక్క. ఏఐఎస్‌లో ఉన్న ఏ అమ్మకమూ మన లెక్కలో తప్పిపోలేదు కదా అని సరిచూసుకోవడానికి మటుకే అది.

ఇంతా అయ్యాక మామయ్య నింపాదిగా, "మార్చిలో ఇంట్రాడే కూడా కాస్త చేశాన్లే" అన్నాడు, అంటే కొన్న రోజే అమ్మేయడం. అది స్పెక్యులేషన్ వ్యాపారం కిందికి వస్తుంది కాబట్టి వ్యాపారం లేనివాళ్ళ ఫారం ఐటీఆర్-2 పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఉన్నా ఫారం ఐటీఆర్-3యే, అదీ పెద్ద మొత్తాల్లో ఉంటే మాత్రం నేనైతే ఆడిటర్ దగ్గరికే పొమ్మంటా, ఆ ఫీజు దండగ కాదు.

నష్టం వచ్చినవాళ్ళు గడువు దాటనివ్వొద్దు. సమయానికి వేస్తేనే షేర్ల మూలధన నష్టాన్ని (ఇంట్రాడేది కాదు) 8 ఏళ్ళు ముందుకు తీసుకెళ్ళనిస్తారు. వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) కూడా చేయాలి, అది దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. ఆధార్ ఓటీపీతో వెరిఫై చేస్తే అది వచ్చేది లింకయిన ఫోనుకే, కాబట్టి ఆధార్‌కి ఏ నంబరు లింకయి ఉందో ముందే చూసుకోండి.