రెండో ఫిల్టరు

నా షిఫ్టు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. ఆ వేళకి గోడౌను దాకా వెళ్ళే బస్సు లేదు. అందుకే ఈ దేశం వచ్చిన మూడో నెలలోనే ఒక డీజిలు కారు కొన్నాను. వయసులో నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదంతే. చవగ్గా వచ్చింది. ఎందుకంత చవకో చలికాలంలో తెలిసింది.

మొదట పికప్ తగ్గింది. చదును రోడ్డు మీద బాగానే పోయేది, ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం ఎంత తొక్కినా మూలుగుడే. మెకానిక్ దగ్గర పెడితే రెండు రోజులు కారుండదు. కారు లేకపోతే షిఫ్టు లేదు, షిఫ్టు లేకపోతే జీతం లేదు, పైగా మెకానిక్‌కి ఇవ్వాల్సింది వేరే. ఈ లెక్క వేసుకునే మాలో చాలామంది సగం మెకానిక్‌లమైపోతాం. నేనైతే అప్పటిదాకా వైపర్ నీళ్ళు పోయడానికి తప్ప బానెట్ ఎత్తి ఎరగను.

గోడౌన్లో నాతోపాటు పనిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనా వేరే దేశం నుంచి వచ్చినవాడే, ఒకప్పుడు లారీలు నడిపాడు. మేం మాట్లాడుకునే భాష ఇద్దరికీ సగమే వచ్చు. నేను కారు సంగతి చెప్పగానే రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, ఊపిరాడనట్టు చూపించి, "ఫిల్టరు" అన్నాడు.

ఆదివారం డీజిలు ఫిల్టరు నేనే మార్చాను. తిప్పి విప్పే డబ్బా అది, పెద్ద విద్యేం కాదు. కింద గుడ్డలు పరవాలి. డీజిలు రబ్బరు గొట్టాల మీద పడి ఊరితే అవి ఉబ్బి మెత్తబడతాయి. పాత ఫిల్టరులోని డీజిలును గాజు సీసాలోకి వంచి పెడితే కాసేపటికి అడుగున నీళ్ళు తేరాయి. నీళ్ళ మీద నల్లటి జిగురు పొర. ట్యాంకులో ఖాళీ ఉన్నచోట గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది. ఆ నీటికీ డీజిలుకీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి నాచులాంటిదే ఈ జిగురు. ఇదే నా కారు గొంతుకి అడ్డం పడిందని తేల్చేసుకున్నాను.

కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకి కాస్త డీజిలు రాసి, డబ్బాలో శుభ్రమైన డీజిలు నింపి, చేత్తోనే బిగించాను. అసలు పని ఆ తర్వాతే, గాలి తీయడం. పంపు నొక్కినా డీజిలు నలగదు కాబట్టి ఒత్తిడి వంద బార్లు దాటి, ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరు తెరుచుకుంటుంది. మధ్యలో గాలి ఉంటే అది నలిగి ఊరుకుంటుంది, ఇంజెక్టరుకి కబురే అందదు. అందుకే గాలి పోవడానికుండే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొడుతూ ఉండాలి. నా బొటనవేలు వాచింది. ఇంజను మాత్రం రెండో సెల్ఫుకే అందుకుంది. (కొత్త తరం కార్లలో పీడనం వెయ్యి బార్లు దాటిపోతుంది, చిన్న నలుసు కూడా పంపుని పాడు చేస్తుంది. వాటి ఫిల్టర్లలో డీజిలు ఇలా చేత్తో పోసి నింపకూడదు.)

వారం తిరక్కుండానే మూడున్నరకి నడిరోడ్డు మీద ఆగిపోయింది. గడ్డకట్టే చలి. చలికి డీజిలులోని మైనం పేరుకుందేమోనని, అందుకే ఇక్కడ చలికాలానికి వేరే డీజిలు అమ్ముతారు కదా అని, ఫ్లాస్కులో ఉన్న వేడినీళ్ళన్నీ ఫిల్టరు మీద పోశాను. స్టార్టయింది, రెండు నిమిషాలకి మళ్ళీ ఆగింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు కూడా పోయాయి.

షిఫ్టు దిగాక పెద్దాయన టార్చితో వచ్చాడు. నేను మార్చిన ఫిల్టరు వంక చూడనైనా లేదు. పంపు కిందికి వంగి, మసి పట్టిన బొటనవేలంత ముక్కని గుడ్డతో తుడిచాడు. అది పారదర్శకమైన ప్లాస్టిక్. లోపల ఇంకో ఫిల్టరు! పైపులకి అతుకనుకుని వదిలేశాను దాన్ని. లోపల గోధుమరంగు మడ్డి. పైగా దాని పక్క గొట్టం పగిలి ఉంది. అయినా కింద ఒక్క చుక్క కారలేదు. అది పంపు పీల్చుకునే వైపు గొట్టం, అక్కడ చీలిక ఉంటే డీజిలు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. నేను కారడం కోసం వెతుకుతూ కూర్చుంటే ఈ జన్మలో దొరికేది కాదు. గొట్టమూ మార్చాం, బాణం గుర్తు పంపు వైపు ఉండేలా చిన్న ఫిల్టరూ పెట్టాం.

మర్నాడు సూపర్‌వైజరు నిన్నెందుకు రాలేదని అడిగాడు. గాలి పట్టింది అనడానికి ఆ భాషలో ఏమంటారో నాకు రాదు. పెద్దాయనలాగే ముక్కు మూసుకుని చూపించాను. జలుబైతే డాక్టరు చీటీ తెమ్మన్నాడు.