సీటీలో ఏమీ లేదన్నారు

మాది పర్లాకిమిడి. పోయిన ఏడాది దసరా ముందు మా అయిదేళ్ల పిల్లాడు దొడ్డికి వెళ్లి, "అమ్మా, ఎర్రగా వచ్చింది" అని కేకేశాడు. మలం మీద గీత గీసినట్టు రక్తం. నొప్పి లేదు, జ్వరం లేదు, ఆటలు మానలేదు. వేడి చేసిందని మా అత్త సబ్జా నీళ్లు పట్టింది. మందుల షాపువాళ్లు ఓసారి నులిపురుగులన్నారు, ఓసారి మొలలన్నారు. అంత చిన్నవాడికి మొలలేటని నాకూ తోచలేదు.

రెండు నెలలకి హిమోగ్లోబిన్ 9కి దిగింది. దగ్గర పట్నంలో కడుపు సీటీ స్కాన్ తీయిస్తే అంతా నార్మల్ అని రాశారు. ఆ కాగితం చూసుకుని ఇంకో మూడు నెలలు నిశ్చింతగా ఉండిపోయాం. పైగా ఐరన్ సిరప్‌కి మలం నల్లగా అయిపోయి, రక్తం పడుతోందో లేదో తెలిసేది కాదు.

మళ్లీ ఎర్రగా కనబడ్డాక గుణుపూర్ నుంచి వచ్చే రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. పిల్లల గ్యాస్ట్రో డాక్టరు గారు ఆ ఫిల్ములు నిమిషం చూసి పక్కన పెట్టేశారు. "పేగు ఖాళీ చెయ్యకుండా తీశారమ్మా. మలం ముద్దేదో, పేగు లోపలి గోడకి మొలిచే కండ, అదే పాలిప్, ఏదో ఇందులో ఎలా తేలుతుంది?"

పాలిప్‌లు వెతికే సీటీ వేరే ఉందట, సీటీ కొలనోగ్రఫీ అని. నేను దానికే పట్టుబట్టాను. కొలనోస్కోపీ అయితే మత్తిచ్చి, కింద నుంచి కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగు చూస్తారంటే నాకు వణుకు. ఆయన విసుక్కోలేదు. దానికీ పేగు కడగాల్సిందే, కింద నుంచి సన్న గొట్టంతో గాలి నింపాల్సిందే, వెల్లకిలా ఓసారి, బోర్లా ఓసారి కదలకుండా పడుకోవాల్సిందే. 6 మిల్లీమీటర్ల లోపువి తప్పిపోవచ్చు. ఎదిగే ఒంటికి రేడియేషన్ పెద్దవాళ్లకన్నా ఎక్కువ చేటు. "ఇంతా చేసి పాలిప్ కనబడిందనుకోండి, తియ్యడానికి మళ్లీ కొలనోస్కోపీయే కదా?" అన్నారు. ఇక నా దగ్గర మాటల్లేవు.

కొలనోస్కోపీకే ఒప్పుకున్నాం. అసలు కష్టం దాని ముందురోజు రాత్రి లాడ్జిలో. పేగు కడిగే పొడి కలిపిన నీళ్లు గుక్క తాగితే గుక్క ఉమ్మేస్తాడు. కొబ్బరినీళ్లు ఆశపెట్టి పట్టించాం. ఎర్ర షర్బత్ మాత్రం వద్దన్నారు, లోపల రక్తంలా కనబడుతుందట. వాడికి కావలసింది అదే! తెల్లారేదాకా వాడూ నేనూ బాత్రూంలోనే.

లోపల పట్టింది అరగంట. డాక్టరు గారు ఫొటో చూపించారు: పురీషనాళానికి కాస్త పైన, తొడిమకి వేలాడుతున్న రేగుపండులా ఒక్కటే. తీగ ఉచ్చు బిగించి కరెంటుతో కోసేశారు. ఆ ముక్కని పరీక్షకి పంపితే (బయాప్సీ) జువెనైల్ పాలిప్ అని వచ్చింది. ఈ వయసు పిల్లల్లో నొప్పి లేకుండా రక్తం పడితే ఎక్కువసార్లు ఇదేనట. ఒక్కటే కాబట్టి భయం లేదు. అయిదూ ఆపైన ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా కనిపెట్టుకుని ఉండాలన్నారు.

రేగుపండు అన్నమాట వాడి చెవిన పడింది. గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తాదని వాళ్ల నాయనమ్మ ఎప్పుడూ బెదిరిస్తుంది. ఇంటికొచ్చాక ఆవిడ ముందు నిలబడి, "చెట్టు మొలవలేదు నాయనమ్మా, పండే కాసింది" అన్నాడు.