ఆవకాయ సీసాతో నామ్చే బజార్‌కు

నేపాల్‌లోని మంథలి విమానాశ్రయంలో కాటా దగ్గరే నా బండారం బయటపడింది. ఎవరెస్ట్ వైపు నడక మొదలయ్యే లుక్లాకు వెళ్లే చిన్న విమానంలో మనిషికి 15 కిలోల సామానే. నాది 17 తూగింది. బావమరిది పక్కకు తిరిగి నవ్వుకుంటున్నాడు. బూట్లు కాళ్లకు, రెండు స్వెట్టర్లు ఒంటికి, ఆవకాయ సీసా జాకెట్ జేబులోకి చేరాక గానీ కాటా శాంతించలేదు. తీసింది సంచిలోంచే కానీ నాలోంచి కాదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

లుక్లా 2,860 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి బండి దారి లేదు. మొదటి రోజు నడక నిజానికి దిగుడే; రాత్రి పడుకున్న ఫాక్డింగ్ 2,610 మీటర్లు. ఈ మాత్రానికేనా ఇన్నాళ్లు భయపడ్డాను అనుకుంటూ నిద్రపోయాను.

మర్నాడు తెలిసింది. దూధ్‌కోసీ నది వెంట జోర్సలే దాటాక ఒకదానిపైన ఒకటిగా రెండు వేలాడే వంతెనలు కనిపిస్తాయి. ఇప్పుడు నడిచేది పైదాని మీద. గాలికి పట్టుగుడ్డలు, రంగు జెండాలు రెపరెపలాడుతుంటే నేను కిందికి చూడకుండా బావమరిది వీపు చూస్తూ దాటాను. అవతల 600 మీటర్ల పైచిలుకు నిలువు ఎక్కుడు. పది అడుగులకోసారి ఆగుతున్నాను. మా గైడు మాత్రం ఒక్కటే మాట: "బిస్తారై, బిస్తారై." మెల్లగా అని అర్థం. నాకు వేరే దారి ఉన్నట్టు!

ఒక మలుపులో ప్లైవుడ్ పలకలు మోస్తున్న మనిషి మమ్మల్ని దాటి ముందుకు వెళ్లాడు. బరువంతా నుదుటికి కట్టిన నామ్లో అనే పట్టీ మీదే. కొంత దూరం పోయి ఆగాడు. బరువు దించలేదు. చేతిలోని, ఇంగ్లీషు T అక్షరంలాంటి పొట్టి కర్రను వెనక్కి తిప్పి పలకల కింద ఆనించి, నిలబడే ఊపిరి వదిలాడు, సన్నని ఈలలా. పట్టీ కింద నుదురు నొక్కుకుపోయి ఉంది. మళ్లీ కర్ర తీసుకుని కదిలాడు. నా జేబులో సీసా తొడకు తగులుతోంది. మా పెద్ద సంచి మోస్తున్న కుర్రాడు అప్పటికే కనుచూపు మేర దాటిపోయాడు.

నామ్చే కొండ ఒడిలో గుర్రపు నాడాలా వంగిన ఊరు, 3,440 మీటర్లు. అడుగుపెట్టగానే వాగు నీటికి తిరుగుతున్న ప్రార్థనా చక్రాలు, పైకి మెట్లు, ఇంకా మెట్లు. ఇంత దూరం నడిచి వస్తే కనిపించినవి బేకరీలు, ఏటీఎంలు, మందుల దుకాణం, ఒక ఐరిష్ పబ్బు. కొండల్లో పల్లెను ఊహించుకుని వచ్చినవాళ్లకు నిరాశే. నాకైతే బాగుంది. ఒకప్పుడు నాంగ్‌పా లా కనుమ మీదుగా టిబెట్ ఉప్పు, ఉన్ని వచ్చి ధాన్యంతో మారకమైన దారి ఇది. బజారు పేరులోనే ఉంది మరి. శనివారం సంతలో గుడ్లు, ఉల్లిపాయలు, బియ్యం బస్తాలు. అన్నీ ఎవరో ఒకరి వీపు మీదో, పశువుల మీదో వచ్చినవే అని తెలిశాక గుడ్డు ధర అడిగి బేరమాడలేకపోయాను.

మర్నాడు విశ్రాంతి అన్నారు. తీరా చూస్తే పొద్దున్నే మళ్లీ పైకి. ఎత్తుకు ఎక్కి కిందికి వచ్చి పడుకుంటే ఒళ్లు అలవాటు పడుతుందట. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. 3,880 మీటర్ల ఎత్తున జపాన్ వాళ్లు కట్టించిన ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా వెళ్లాం. ఎదురుగా అమా దబ్లం శిఖరం, చేయి చాచి నిలబడినట్టు. మరి ఎవరెస్ట్? గైడు వేలు పెట్టి చూపిస్తే, నుప్‌త్సే అనే శిఖరం గోడ వెనుక నల్లటి చిన్న మొన. గొప్పవాళ్లు ఫోటోలో వెనుక వరుసలో నిలబడ్డట్టుంది.

"మన పూర్ణ ఈ దారినే వెళ్లి ఉంటుంది కదా బావా?" అన్నాడు బావమరిది. కాదు, మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది టిబెట్ వైపు నుంచి, 2014 మే 25న, ఇంకా 14 ఏళ్లు నిండకుండానే. నేను ఈ సంగతి చెప్పింది హోటల్ గోడకు ఆనుకుని, తలనొప్పితో.

సాయంత్రం లాడ్జిలో దాల్ భాత్. ఇక్కడ నీళ్లు 90 డిగ్రీలు చేరకముందే మరుగుతాయి. అందుకే వంటింట్లో కుక్కర్ విజిల్ మోగుతూనే ఉంది. ఆవకాయ తీశాను. లాడ్జి దీదీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గింది, సగం గ్లాసు టీ తాగింది, మళ్లీ చేయి చాచింది.

అవసరం లేనివి ఇక్కడే వదిలేసి దిగేటప్పుడు తీసుకోవచ్చంది. రాత్రి సంచి విప్పాను. రెండో టార్చి, మూడో ప్యాంటు, చదవని పుస్తకం.

"సీసా కూడా, బావా."

"అది నా జేబులోది కదా."

"ఎవరెస్ట్‌కు ఆవకాయ ఎందుకు చెప్పు?"

ఇచ్చేశాను. అన్నీ గోనెసంచిలో వేసి, మూతి కట్టి, నా పేరు రాసిన అట్టముక్క తగిలించాను.

తెల్లవారి బయలుదేరుతూ వంటింటి కిటికీలోంచి చూశాను. గోనెసంచి మూలన, మూతి వదులుగా. సీసా పొయ్యి పక్కన గట్టు మీద. మూత పక్కనే చెంచా.