పైన్ చెట్లకు తిండి ఎక్కువైతే

మార్చి నెలాఖరుకి అమెరికాలో, నార్త్ కరోలినాలోని మా డర్హమ్‌లో కార్లన్నీ ఒకటే రంగు. పసుపు. లాబ్లాలీ పైన్ పుప్పొడి అది. మొన్న ఊరి నుంచి వచ్చిన నాన్న బానెట్ మీద వేలితో గీసి, "దుగ్గిరాల పసుపు యార్డులా ఉందేంటమ్మా!" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు ప్రశ్న వేశారు. "గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతోందని గోల చేస్తారు గానీ, చెట్టు తినేది అదేగా? ఇంకా ఏపుగా పెరుగుతాయిలే."

దానికి జవాబు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. 1983లో నాటిన లాబ్లాలీ తోట ఒకటి డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల అడవి డ్యూక్ ఫారెస్ట్‌లో ఉండేది. చెట్లకు పదమూడేళ్లు వచ్చాక, 1996లో పూర్తిస్థాయి ప్రయోగం మొదలుపెట్టారు. గాజు గది లేదు, కప్పు లేదు. 30 మీటర్ల వ్యాసమున్న వలయాల చుట్టూ నిలువు గొట్టాలు పాతి, మామూలు గాలి కంటే 200 పీపీఎం (పది లక్షల పాళ్లకు 200 పాళ్లు) ఎక్కువ ఉండేలా కార్బన్ డయాక్సైడ్ వదిలారు. 2010 దాకా అంతే.

మొదట్లో నాన్న మాటే నెగ్గింది. తొలి రెండేళ్లలో చెట్ల ఉత్పత్తి, అంటే ఏటా కొత్తగా పెరిగే కలప, ఆకులు, వేళ్లు అన్నీ కలిపి, పావు వంతు పెరిగింది. కానీ అంతకుముందు వేసిన నమూనా వలయంలో మూడేళ్లు తిరిగేసరికి కలప పెరుగుదలలో ఆ ఊపు దాదాపు పోయింది. నేలలో నత్రజని చాల్లేదు. ఎరువు వేస్తే మళ్లీ పుంజుకుంది. మిగతా వలయాల్లోనూ నత్రజని బాగా దొరికిన చోట లాభం ఎక్కువ, సారం తక్కువున్న చోట అంతంతమాత్రం. ఇది చెప్పగానే నాన్న, "అంటే యూరియా లేకపోతే గాలి మేత దండగన్నమాట" అని తేల్చేశారు. పూర్తిగా దండగ కాదు. చెట్లు వేళ్లకీ, వేళ్లను అంటుకునుండే శిలీంధ్రాలకీ ఎక్కువ ఖర్చు పెట్టి, నేలలోంచి నత్రజనిని లాక్కున్నాయి. అందుకే మొత్తం మీద ఉత్పత్తి చివరిదాకా కాస్త పైనే ఉంది. అడవికి యూరియా బస్తాలు ఎవరు మోస్తారు మరి?

నాకు ఇంకా నచ్చింది కాయల సంగతి. కార్బన్ డయాక్సైడ్ వదిలిన వలయాల్లోని చెట్లు కాపుకొచ్చే అవకాశం మామూలు గాలిలోని వాటికి రెట్టింపు, కాయలు మూడింతలు. అంటే లావెక్కకుండానే సంసారంలో పడ్డాయి! 2002 డిసెంబరులో మంచు తుపాను కొమ్మలు విరిచేసినప్పుడు కూడా, ఆశ్చర్యంగా, వీటికి దెబ్బ తక్కువే తగిలింది.

అయితే ఆ గాలి పైన్ ఒక్కదానికే పెట్టిన విందు కాదు. కింద పాకే పాయిజన్ ఐవీ తీగ ఏటి పెరుగుదల మామూలు గాలిలో కంటే దాదాపు రెండున్నర రెట్లయింది, ఒంటికి తగిలితే దద్దుర్లు లేపే దాని నూనె ఇంకా ఘాటెక్కింది. ఆదివారం అక్కడికి నడకకి వెళ్దామని లుంగీలో తయారైన నాన్నని ఈ ఒక్క ముక్కతో ప్యాంటు వేయించాను.