ముఖ్య వృత్తి: కొబ్బరి వ్యాపారం

మండల కంట్రిబ్యూటరుగా, అంటే జీతం లేకుండా మండలం వార్తలు పంపే విలేకరిగా, చేరినప్పుడు పేపరు వాళ్లు నా చేత ఒక స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నారు. నా జీవనాధారం కొబ్బరి వ్యాపారమనీ, వార్తలు సరదా కొద్దీ రాస్తున్నాననీ, ఎప్పటికీ ఉద్యోగం అడగననీ దాని సారాంశం. మా నాన్నగారికి కొబ్బరికాయల కమీషను కొట్టు ఉన్నమాట నిజమే. నేను అందులో కూర్చున్నదే తక్కువ. జిల్లా పేజీలో పడిన వార్తల్ని స్కేలు పెట్టి కొలిచి, ఆ కొలత లెక్కన నెలకోసారి డబ్బిచ్చేవారు. దాన్నే లైన్ అకౌంట్ అంటారు. అది పెట్రోలుకి సరిపోతే ఆ నెల పండగే.

అలా ఉండగా గౌతమి గోదావరి ఒడ్డున ఒక ఇసుక ర్యాంపు, అంటే నదిలో ఇసుక తవ్వి బళ్లకెత్తే చోటు, గురించి రాశాను. ఇంకా తెల్లారకుండానే, నంబరు ప్లేట్ల మీద బురద పూసిన ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే ఫొటోలు తీసి పంపాను. వార్త పడిన మర్నాడు ఒకాయన పూతరేకుల డబ్బా పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. "బాగున్నారాండీ? నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని కుశలం అడిగాడు. నాన్న మంచినీళ్లు ఇప్పించారు. లేవబోతూ, "అమ్మాయిగారు కాకినాడలో హాస్టల్లో ఉంటున్నారంట కదండీ. రోజులు బాగోలేదండి. కాస్త జాగ్రత్తండి" అని దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

స్టేషనుకి వెళ్తే ఎస్సై గారు, "ఇందులో బెదిరింపు ఎక్కడుందండీ? జాగ్రత్త చెప్పాడు కదా" అన్నారు. అంతే, మా గోదావరి జిల్లాల్లో బెదిరింపుకి కూడా గారూ, అండీ తగిలిస్తారు. పేపరు ఆఫీసుకి ఫోను చేస్తే నేను వాళ్ల ఉద్యోగిని కాదని గుర్తు చేశారు. పూతరేకులు ఇంట్లో ఎవ్వరం ముట్టుకోలేదు.

అందరి దగ్గరికీ పూతరేకులతో రారు. మా పాత తూర్పు గోదావరి జిల్లాలోనే, తుని దగ్గర, 2019 అక్టోబరులో ఆంధ్రజ్యోతి విలేకరి కాతా సత్యనారాయణని నరికి చంపారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో 2025 జనవరి 1న కనబడకుండా పోయిన ముకేశ్ చంద్రాకర్ మృతదేహం రెండ్రోజులకి ఒక కాంట్రాక్టరు స్థలంలో, సెప్టిక్ ట్యాంకులో దొరికింది. పైన కొత్తగా కాంక్రీటు వేసేశారు. అతను రోడ్డు పనుల్లో అక్రమాలు బయటపెట్టాడు. ఎన్డీటీవీకి వార్తలు పంపుతూ, సొంతంగా బస్తర్ జంక్షన్ అనే యూట్యూబ్ చానల్ నడుపుకునేవాడు. మాలాంటి బతుకే. బీజాపూర్ మనకి మరీ పరాయిదేం కాదు, ఆ వైపు నుంచే ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. పాత్రికేయుల రక్షణ కోసమని ఆ రాష్ట్ర అసెంబ్లీ 2023లోనే బిల్లు పాస్ చేసింది కూడా.

ప్రపంచమంతా ఇదే వరస. జర్నలిస్టుల హత్యల్లో 85 శాతం కేసులు ఇంకా తేలనేలేదని యునెస్కో 2024లో చెప్పింది. బతికున్నవాళ్లకొచ్చే బెదిరింపుల్ని లెక్కలోకి తీసుకునేదెవరు?

మహారాష్ట్ర 2017లో చేసిన చట్టం చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. పాత్రికేయుల మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. అయితే మీడియా వ్యక్తి అంటే ఎవరు? ముఖ్య వృత్తి జర్నలిజం అయ్యుండాలి, ఏదో ఒక సంస్థలో రెగ్యులరుగానో కాంట్రాక్టు మీదో పనిచేస్తుండాలి. నా స్టాంపు పేపరు ఉన్నదే అది కాదని చెప్పడానికి! పూర్తికాలపు ఉద్యోగులే కాదు, బ్లాగులు రాసుకునేవాళ్లు చేసేదీ జర్నలిజమేనని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లోనే తేల్చేసింది. మన చట్టాలు రాసేవాళ్ల చెవిన అది పడినట్టు లేదు.

మన రాష్ట్రంలో అలాంటి చట్టం వస్తే, శిక్షల సెక్షను తర్వాత చూసుకుంటాను. ముందు నిర్వచనం చూడాలి. ఎవరి వార్త పేపర్లో పడిందో, దానికి ఎవరికి డబ్బు కట్టారో వాళ్లు విలేకరేనని అందులో ఉండాలి. ఇంట్లోవాళ్ల పేరెత్తి "జాగ్రత్త" చెప్పడం కూడా బెదిరింపు కిందకే వస్తుందని రాయాలి. రుజువుకి లైన్ అకౌంట్ చీటీ చూపిస్తే చాలనాలి.