తాత మాస్సీకి గొర్రు, నాగలి కుదిరిన వైనం

ఫిబ్రవరి, మొదటి ఆదివారం

మా తాత 1986లో కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 పోయిన దసరాకు మళ్లీ స్టార్ట్ అయింది. ఇంజను పని అప్పటితో ముగిసింది. ఇప్పుడు బండి నడుస్తోంది కానీ వెనక తగిలించడానికి మా ఇంట్లో ఒక్క పనిముట్టు లేదు. బోరు వేయించిన ఏడాది బాపు గొర్రు (కల్టివేటర్) అమ్మేశాడు. ట్రాలీ తుప్పు పట్టి పాత ఇనుముకు పోయింది. రెండు చాళ్ల నాగలి ఎవరి దగ్గర ఉందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తాను, పరకాల దగ్గరి ఊరికి వెళ్లేది ఆదివారాలే. మృగశిర కార్తె లోపల మా నాలుగెకరాల చెలకను ఈ ట్రాక్టర్‌తోనే దున్నాలని అనుకున్నాను. ఎప్పుడేం చేశానో తేదీల వారీగా రాసి పెడుతున్నాను.

గొర్రు వెతకడానికి ముందు పనిముట్టును లేపి దించే లిఫ్ట్ చూసుకోవాలి. ఈ మోడల్‌లో హైడ్రాలిక్ పంపు వెనక గేర్ పెట్టె లోపల ఉంటుంది, దాన్ని తిప్పేది పీటీఓ షాఫ్టే (వెనక పనిముట్లకు ఇంజను బలం అందించేది). కాబట్టి పీటీఓ లివర్ వేయకపోతే లిఫ్ట్ లేవదు. ఇది తెలియక చాలామంది పంపు పోయిందనుకుని పెట్టె విప్పిస్తారు. మా బండికి సింగిల్ క్లచ్, అందుకే క్లచ్ తొక్కినా లిఫ్ట్ ఆగిపోతుంది. గట్టు దగ్గరికొచ్చాక క్లచ్ తొక్కి గొర్రు లేపబోతే అది భూమిలోనే ఉంటుంది. క్లచ్ తొక్కకముందే లేపాలి, లేదంటే న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి లేపాలి.

గేర్ పెట్టెకూ లిఫ్టుకూ ఒకటే నూనె. కింది బోల్టు విప్పితే ముందు నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత చాయ్ రంగు నూనె. ముప్పై లీటర్ల దాకా పట్టింది. కొత్త నూనె పోశాక లింకు చేతులకు రెండు ఇసుక బస్తాలు కట్టి పైకి లేపాను. ఇంజను ఆపేసి, మడ్‌గార్డ్ మీద సుద్దతో గీత పెట్టి చూస్తే పది నిమిషాల్లో జానెడు దిగింది. లోపల పిస్టన్ రింగులు అరిగాయి. పై మూత దించి మార్చడానికి ఒక ఆదివారం పూర్తిగా పోయింది. ఇప్పుడు పది నిమిషాలకు రెండు వేళ్లు కూడా దిగడం లేదు. అయినా సరే, లిఫ్ట్ మీద లేపిన పనిముట్టు కిందికి చేయి పెట్టను. ముందు చెక్క దిమ్మ పెట్టాకే ఏ పనైనా.

శివరాత్రి తర్వాత

ఈ మూడు వారాలూ వెతకడమే సరిపోయింది. ఎల్కతుర్తి, హుజూరాబాద్, జమ్మికుంట, ఇటు రేగొండ దాకా తిరిగాను. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతులను కూడా అడిగాను. పాత గొర్లు దొరకక కాదు, చాలా ఉన్నాయి. మా బండికి కుదిరేవే లేవు.

కుదరడం అంటే ఏమిటో మొదట్లో నాకూ తెలియదు. పనిముట్టును బండికి పైన ఒకచోట, కింద రెండుచోట్ల పట్టే మూడు పాయింట్ల లింకుకు కొలతలు ఉన్నాయి. మా బండి లింకులు కేటగిరీ ఒకటి. టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు, కింది పిన్నులు 22, కింది రెండు పిన్నుల భుజాల మధ్య దూరం 683. ఇప్పుడొచ్చే పెద్ద బండ్లకు చేసే గొర్లు ఎక్కువగా కేటగిరీ రెండు. వాటికి టాప్ పిన్ను 25 పైన, కింది పిన్నులు 28 పైన, మధ్య దూరం 825. చిన్న పిన్ను గొర్రును పెద్ద లింకుకు బుష్ వేసి సర్దుకోవచ్చు. పెద్ద పిన్ను గొర్రు మాత్రం మన లింకు గుండు రంధ్రంలోకి పోనే పోదు.

అందుకే ఒక ఉపాయం చేశాను. 683 మిల్లీమీటర్లకు కోసిన వెదురు కర్ర ఒకటి, 19 మిల్లీమీటర్ల పిన్ను ఒకటి, మన లింకులో పట్టే 22 రింగు ఒకటి సంచిలో వేసుకుని తిరిగాను. ఎక్కడ గొర్రు కనిపించినా రింగు తొడిగి చూడటం, కర్ర ఆనించి చూడటం, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇది మొదటి వారమే చేసి ఉంటే బాగుండేది. ఎందుకంటే ఆ వారమే ఒక దుకాణంలో 'ముప్పై ఐదు హార్స్‌పవర్ బండికి సరిగ్గా పడుతుంది' అని చెప్పి నాకు తొమ్మిది పండ్ల స్ప్రింగ్ గొర్రు అంటగట్టారు. ఇంటికి తెచ్చి చూస్తే కేటగిరీ రెండు. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. పదకొండు వేలు పోశాను కాబట్టి దాన్నే మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఉగాది వారం

గొర్రు మార్పు. ఆటోనగర్‌లో ఒక లేత్ పనివాడు పిన్నుల చివర్లు 28 నుంచి 22కు తిప్పేస్తే చాలన్నాడు. పిన్ను వరకైతే అది నిజమే. కానీ 825 దూరం అలాగే ఉండిపోతుంది. మా వెనక చక్రాలు 52 అంగుళాల మీద ఉన్నాయి, టైరు 12.4 బై 28. అంటే రెండు టైర్ల లోపలి అంచుల మధ్య నలభై అంగుళాలు కూడా లేదు. లింకు చేతులు అంత ఎడంగా ఉంటే టైరుకు అంగుళం దూరంలో తిరుగుతాయి. గొర్రు ఒక పక్కకు ఊగితే టైరు కోసుకుపోతుంది.

కాబట్టి పిన్ను బ్రాకెట్లనే కోయించాం. 825లోంచి 683 తీసేస్తే 142, అందులో సగం 71. రెండు వైపులా 71 మిల్లీమీటర్లు లోపలికి జరిపి వెల్డింగ్ చేయించాను. తొందరపడి ఒకేసారి వెల్డింగ్ చేయించకండి. ముందు నాలుగు చుక్కలు పెట్టించి, గొర్రును బండికి తగిలించి, లేపి దించి చూసి, ఆ తర్వాతే పూర్తిగా కాల్పించాలి. మాకు మొదటిసారి ఎడమ బ్రాకెట్ ఆరు మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. చుక్కలే కాబట్టి సుత్తి దెబ్బతో ఊడింది.

పిన్నులు తిప్పించలేదు, కేటగిరీ ఒకటి పిన్నులు కొత్తవి కొన్నాను. ఇక నిలువు స్తంభం. కింది పిన్నుల నుంచి టాప్ లింకు రంధ్రం దాకా ఎత్తు మాకు 460 మిల్లీమీటర్లు, అంటే పద్దెనిమిది అంగుళాలు ఉండాలి. ఈ గొర్రుకు ఇరవై రెండు ఉంది. స్తంభం పట్టీలకు కింద 460 దగ్గర కొత్త రంధ్రాలు వేయించాను. పై రంధ్రానికే లింకు తగిలిస్తే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాను. గొర్రు లేస్తున్న కొద్దీ వంపు మారిపోయి, నేల మీద సమంగా ఉన్న పండ్లు గాల్లో వంకరగా నిలబడ్డాయి.

పండ్లు ముందు వరసలో నాలుగు, వెనక వరసలో ఐదు. రెండింటికి స్ప్రింగులు విరిగి ఉన్నాయి, అవి దొరికాయి. పండ్ల కొనలకు తొడిగే కర్రులు రెండు వైపులా వాడుకునేవి, ఒక కొన అరిగితే బోల్టులు విప్పి తిప్పేస్తే సరి. తొమ్మిదింటిలో ఏడు తిప్పితే సరిపోయాయి. ఇంకో మాట, మా బండి మీద బోల్టులన్నీ ఇంచుల కొలత. పదమూడు, పద్నాలుగు నంబరు పానాలతో తిప్పితే నట్టు మూలలు గుండ్రమవుతాయి. అర ఇంచు, 9/16, 3/4 పానాలు వేరే కొనుక్కోవడం మేలు.

ఏప్రిల్ చివర

నాగలి దొరికింది!

రేగొండ వైపు మా మేనమామ వాళ్ల బావి దగ్గర పశువుల కొట్టం ఉంది. కొట్టం ముందు కంపకు అడ్డంగా ఒక ఇనుప దూలం పడి ఉంటే కాలికి తగిలింది. మట్టి తోసి చూస్తే వంపు తిరిగిన రెక్క. తొమ్మిదేళ్ల వయసులో తాత పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుని, ఆ రెక్క మీంచి ఎర్రమట్టి ముద్ద ముద్దగా తిరగబడటం చూశాను. రెండు రెక్కల మధ్య కడ్డీకి తాత వెల్డింగ్ చేయించిన గుర్రపు నాడా కూడా అలాగే ఉంది. కాసేపు దాని పక్కనే కూర్చుండిపోయాను.

"గది మీ తాతదే అల్లుడా. తీస్కపోండ్రి అని ఎన్నిసార్లు చెప్పిన, ఎవలు రాలే" అన్నాడు మామ.

డబ్బులిస్తానంటే కోప్పడ్డాడు. నలుగురం పట్టి ఆటో ట్రాలీలోకి ఎక్కించాం.

ఇది పన్నెండు అంగుళాల రెక్కలు రెండున్న పల్టీ నాగలి. పిన్నులు కేటగిరీ ఒకటే, కర్ర ఆనిస్తే సరిగ్గా కూర్చుంది. రెక్కలకు లోతైన గుంటలు పడలేదు. పైన తుప్పును వైర్ బ్రష్‌తో కొట్టి, తర్వాత ఇటుక ముక్కతో నీళ్లు పోస్తూ రుద్దాను. మెరుపు కోసం కాదు. రెక్క నున్నగా లేకపోతే మట్టి జారదు, అంటుకుని కుప్పవుతుంది, బండి మీద బరువు పెరుగుతుంది. పని అయ్యాక ప్రతిసారీ పాత ఇంజన్ నూనె పూసి పెట్టాలి.

కర్రులు రెండూ అరిగి మొండి అయ్యాయి. ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తోంది. ముక్కు దగ్గర లారీ కమాను పట్టీ ముక్క వేయించి సరిపించాను. కమ్మరాయన ఎర్రగా కాలిన కొనను నీళ్లలో మొత్తం ముంచలేదు. రెండు వేళ్ల లోతు ముంచి, తీసి, ఇటుక మీద గీకి, ఆ గీకిన చోట రంగు మారడం చూస్తూ కూర్చున్నాడు. గడ్డి రంగు వచ్చి, అది గోధుమ రంగుకు తిరుగుతుండగా మళ్లీ ముంచాడు.

"గీ రంగు దాటితే మెత్తవడతది. రాకముందే ముంచితే రాయి తాకంగనే ఇరుగుతది" అన్నాడు. రెండు కర్రులకు గంటన్నర పట్టింది.

మే, రోహిణి కార్తె

టాప్ లింకు తగిలే చోట బండి వెనక ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది. నాగలి నేలలో లాగుతున్నప్పుడు పైభాగం ముందుకు తోసుకొస్తుంది, టాప్ లింకు ఆ స్ప్రింగును నొక్కుతుంది. గట్టి నేల వచ్చి నొక్కుడు పెరిగితే లిఫ్ట్ దానంతటదే నాగలిని కొంచెం లేపుతుంది, తగ్గితే దించుతుంది. హ్యారీ ఫెర్గూసన్ దీనికి 1926లో పేటెంటు పొందాడు. అంతకు ముందు ట్రాక్టర్లు ఎక్కువగా నాగలిని వెనక తగిలించుకుని లాగేవి. నాగలి రాయికి తట్టుకుంటే ముందు చక్రాలు లేచి బండి నడిపేవాడి మీదే పడేది. ఇందులో అదే తోపుడు ముందు చక్రాలను నేలకు అదుముతుంది. ఇదంతా తెలిశాక ఈ పాత బండి మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. అందుకే చెబుతున్నాను, ఇరుక్కున్న బండినో చెట్టు మొద్దునో టాప్ లింకుకు గొలుసు కట్టి ఎప్పుడూ లాగకండి. లాగాలంటే కింది డ్రాబార్‌కే కట్టాలి.

ఆ స్ప్రింగు కొస పట్టుకుని ఊపితే ముందుకూ వెనక్కూ మూడు మిల్లీమీటర్లు ఆడుతోంది. చేత్తో తిప్పితే తిరగాలి గానీ ముందుకు వెనక్కు ఆడకూడదు. స్ప్రింగును పట్టి ఉంచే పెద్ద నట్టును లాక్ స్క్రూ వదులు చేసి కొద్దికొద్దిగా బిగించాను. ఇది చిన్న పనే. కానీ చేయకపోతే నాగలి పొలమంతా లేస్తూ మునుగుతూ పోతుంది.

ట్రాలీ మాత్రం కొనలేదు, అవసరమైతే మామదే తెచ్చుకుంటాం. రోటవేటర్ తీసుకోమని చాలామంది చెప్పారు. సింగిల్ క్లచ్‌తో దాన్ని నడిపి ఈ వయసు గేర్ పెట్టెను కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు.

జూన్, మృగశిర రెండో రోజు

మొన్న రాత్రి రెండు గంటలు వాన పడింది. పొద్దున చేతిలోకి తీసుకుని పిసికితే ముద్దయి, వేలితో పొడిస్తే విరిగిపోతోంది మట్టి. దుక్కికి ఇదే అదను. పత్తి కట్టె ముందే ఏరేశాం. పోయినేడు గులాబీ పురుగు బాగా తిన్నది కాబట్టి మట్టి తిరగేసి కోశాలు ఎండకు పడేయాలనేది కూడా ఒక కారణం.

మొదటి చాలు సరిగ్గా రాలేదు. ముందు కర్రు ఐదు అంగుళాలు, వెనకది ఎనిమిది దిగింది. టాప్ లింకు రెండు చుట్లు పొడవు తగ్గిస్తే ముక్కు వంగి ముందుది కూడా దిగింది. రెండో చాలు నుంచి కుడి చక్రాలు తీసిన చాలులో నడవాలి, అప్పుడు బండి కుడికి ఒరుగుతుంది. నాగలి ఒరగకుండా ఉండాలంటే కుడి లిఫ్ట్ కడ్డీ పైన ఉన్న చేతి పిడి తిప్పి కుడివైపును లేపాలి. నాలుగు చుట్లు తిప్పాక నాగలి ఫ్రేము నేలకు సమంగా వచ్చింది. పన్నెండు అంగుళాల చాలులో మా టైరు బిగుతుగా పట్టింది, అంచు కొంచెం రాసుకుంటుంది. కింది లింకులు పక్కకు ఊగకుండా పట్టే చెక్ గొలుసులు వదులుగానే ఉంచాం. బిగిస్తే నాగలి దాని దారిన అది పోలేక బండిని పక్కకు లాగుతుంది.

అంతా కుదిరిందో లేదో చూసేందుకు ఒక గుర్తు ఉంది. వెనక నాగలి పక్క పట్టీ మడమ చాలు అడుగున సన్నటి నున్నటి గీత వదలాలి. గీత లోతుగా పడితే టాప్ లింకు పొడుగైనట్టు, అసలే లేకపోతే పొట్టిదైనట్టు. ఐదో చాలు దగ్గర దిగి, వంగి చూస్తే వేలు వెడల్పు గీత కనిపించింది. టేపు పెట్టి కొలిస్తే లోతు ఏడు అంగుళాలు.

అప్పుడు బాపును ఎక్కమన్నాను. ఇరవై ఏళ్లయింది ఆయన దీని సీటు మీద కూర్చోక. రెండో గేరులో పెట్టి, నాగలి లోతును సర్దే డ్రాఫ్ట్ లివర్ తను సర్దుకుని, దాని కింద ఉన్న ఆపుడు నట్టును అక్కడే బిగించాడు. గట్టు దగ్గర లేపి, తిప్పి, మళ్లీ అదే చోటికి లివర్ దించుకుంటూ పోయాడు. కొంగలు వెనకే నడిచాయి. పదిన్నరకు వాన మబ్బు పట్టే దాకా దిగలేదు.

ఎకరంన్నర అయింది. మిగతాది వచ్చే ఆదివారం. దాని మీద గొర్రు రెండుసార్లు తోలితే పత్తి గింజకు సిద్ధం. ఆ తర్వాత వరి మడికి ఇనుప చక్రాలు చూడాలి. మామ వాళ్ల ఊళ్లో ఒక జత ఉందట. 28 రిమ్ముకు పట్టేవో లేదో బోల్టు రంధ్రాల దూరం కొలిచి చెప్పమన్నాను. తారు రోడ్డు మీద వాటితో రావడానికి లేదు కాబట్టి తెచ్చేటప్పుడు ఆయన ట్రాలీయే కావాలి.