ఆ జూన్‌లో ఆగని గ్యాస్

2017 జూన్ 5, సోమవారం. అబుదాబీలో ఒక ఆఫీసు మేడ మీద ఏసీ యూనిట్ కాయిల్ కడుగుతున్నాను. కడప నుంచి మా ఇంటామె ఫోన్. "తమ్మునికి ఫ్లైట్ ఉంటాదా, ఉండదా?" గొంతులో ఏడుపు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఆ పొద్దున్నే ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయని అప్పుడే తెలిసింది. మా బామ్మర్ది దోహాలో ఎలక్ట్రీషియన్. ఆషాఢం రాకముందే వాడి నిశ్చితార్థం పెట్టుకున్నాం. టికెట్ అబుదాబీ మీదుగా చెన్నైకి. అది పోయింది. అప్పు చేసి మస్కట్ మీదుగా ఇంకోటి కొన్నాడు.

నా టెన్షన్ అంతటితో తీరలేదు. అంతకుముందు అబుదాబీ తీరంలోని తవీలాలో పనిచేసినప్పుడు మా సూపర్‌వైజర్, కొట్టాయం ఆయన, ఒక మాట చెప్పాడు. ఇక్కడి కరెంటు గ్యాస్‌తో తయారవుతుంది, అందులో పెద్ద వాటా ఖతార్ గ్యాసేనని. ఖతార్‌లోని రాస్ లఫాన్ నుంచి తవీలా దాకా సముద్రం అడుగున 364 కిలోమీటర్ల పైపు. వ్యాసం 48 అంగుళాలు, మనిషి వంగి దూరేంత. పేరు డాల్ఫిన్. 2007 నుంచి గ్యాస్ వస్తోంది, ఒప్పందాల ప్రకారం రోజుకు సుమారు 200 కోట్ల ఘనపుటడుగులు. తాగే నీళ్ళు కూడా ఆ గ్యాస్‌తో నడిచే కరెంటు ప్లాంట్లలోనే సముద్రపు నీటి నుంచి తీస్తారు. బయట ఎండ 45 డిగ్రీలు. అవతల వాల్వు తిప్పేస్తే ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ గతేమిటని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. క్యాంపులో అడగడానికీ భయమే. ఖతార్ మీద సానుభూతి చూపిస్తూ రాస్తే జైలని ప్రకటించారు.

విమానాలు ఆగాయి. ఓడలు ఆగాయి. ఆ పైపు ఆగలేదు. ఆపితే యూఏఈ జనానికి పెద్ద నష్టమని, వాళ్ళు తమకు అన్నదమ్ముల్లాంటి వాళ్ళని, అందుకే ఆపబోమని ఖతార్ పెట్రోలియం అధిపతి సాద్ అల్ కాబీ అన్నారు. చవక గ్యాస్ కాబట్టి యూఏఈ వాళ్ళూ వద్దనలేదు. లెక్కలు ఏవైనా కానీ, ఆ మాటకు నేను ఇప్పటికీ దండం పెడతాను. ఆ ఎండలో మేడ మీద పనిచేసినవాడికి దాని విలువ తెలుసు.

ఈ గల్ఫ్ దేశాల మధ్య గ్యాస్ ఎప్పుడూ ఒకే దిక్కుకు పోలేదు. 2004లో ఒమన్ గ్యాస్ యూఏఈలోని ఫుజైరాకు వచ్చేది. డాల్ఫిన్ వచ్చాక, 2008లో ఖతార్ గ్యాసే యూఏఈ దాటి ఒమన్‌కు పోవడం మొదలైంది. నాలుగేళ్ళలో అమ్మిన ఒమన్ వాళ్ళే కొనేవాళ్ళయ్యారు. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో ఖతార్‌తో ఆ నాలుగు దేశాలకు రాజీ కుదిరింది. 2024 నాటికి అబుదాబీ బరాకాలో నాలుగు అణు రియాక్టర్లు కట్టుకుంది. ఇప్పుడు దేశం కరెంటులో నాలుగో వంతు వాటిదే. 25 ఏళ్ళకు రాసుకున్న గ్యాస్ ఒప్పందాలు తీరేనాటికి బేరం పాతలా ఉండదు.

నిశ్చితార్థానికి నాకు సెలవు దొరకలేదు. వీడియోలో చూస్తుండగానే అటువైపు చీకటైంది. బామ్మర్ది గొంతు మాత్రం వినిపించింది.

"బావా, ఈడ కరెంటు పోయింది. నీకు ఆడ ఏసీ నడుస్తాందా?"

లేచి గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. చల్లగాలి వస్తోంది.

"నడుస్తాంది రా. మీ గ్యాస్ వస్తానే ఉంది" అన్నాను.